గెక్ చూ అక్క తొట్టిలో కరెంటు

మలేషియాలో తెలుక్ ఇంటాన్ అనే ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా కరెంటు పని చేస్తున్నాను. బుద్ధి గడ్డి తిని తప్పుడు పని చేసింది ఒక్కసారే, అదీ మా పక్కింటి చైనా ఆవిడ గెక్ చూ అక్క ఇంట్లో. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

అక్క రబ్బరు తోటలో పాలు గీసి బతికిన మనిషి. పాముకీ భయపడదు, అడవిపందికీ భయపడదు. మొగుడు పోయాక, ఆయన పెంచిన అరోవానా చేపే ఆమెకు తోడు. "ఎంత మింగుతావురా ముసలోడా!" అని మొగుణ్ణి తిట్టినట్టే దాన్నీ తిట్టేది.

చేప తొట్టి పంపుకి రెండు కాళ్ళ ప్లగ్గు. మా ఊళ్ళో అందరిలాగే ఆమె కూడా మూడు కన్నాల సాకెట్లో ఎర్తు కన్నంలోకి అన్నం తినే పుల్ల గుచ్చి, లోపలి మూతలు తెరుచుకోగానే ప్లగ్గు తోసేసింది. అప్పట్నుంచి ట్రిప్ స్విచ్ ఊరికూరికే పడిపోయేది. పంపు ఆగేది, చేప నోరు తెరుచుకుని పైకి తేలేది.

"ఆ మాయదారి స్విచ్ తీసెయ్ తమ్ముడూ. ఇదీ పోతే నాకెవరున్నారు?" అని ఏడ్చింది. నా మనసు కరిగింది. తొట్టి వైపు కన్నెత్తి చూడకుండా, స్విచ్ తప్పించి వైరు కలిపేశాను.

చైనావాళ్ళ ఏడో నెల వచ్చింది. పోయిన పెద్దలు ఇళ్ళకొచ్చే నెల. పదిహేనో రోజు పొద్దున నేను బజార్లో నిచ్చెన మీద ఉండగా మా ఆవిడ నూకమ్మ ఫోన్ చేసింది.

"గెక్ చూ అక్క మొగుడొచ్చాడంటయ్యా! తొట్టి నీళ్ళలో చెయ్యెడితే జివ్వుమంటోందంట. చెప్పులేసుకుంటే పలకడంట. పూజవ్వగానే రెండు చేతులూ పెట్టి మాటాడతానంటోంది."

నిచ్చెన ఎలా దిగానో తెలీదు. మళ్ళీ ఫోన్ చేస్తే నూకమ్మ ఎత్తలేదు. స్కూటర్ మీద దారంతా "దేవుడా, ఆమెను బతికించు" అనుకుంటూనే ఉన్నాను.

వెళ్ళేసరికి అక్క తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఒక చెయ్యి నీళ్ళలో ఉంది, రెండోది లేస్తోంది. పరిగెత్తి మెయిన్ కట్టేశాను.

"ఏడీ? వెళ్ళిపోయాడే! ఏం చేశావురా?" అని అరిచింది.

పంపు పైకి లాగి చూపించాను. వైరు తొక్క ఊడి రాగి బయటపడింది.

"బావ కాదక్కా, ఇది. కరెంటు నీళ్ళలోకి కారినప్పుడల్లా ఆ స్విచ్ పడిపోయి నిన్ను కాపాడుతుంటే నేనే తీసేశాను. చచ్చిపోయేదానివి అక్కా. తప్పు నాది."

ఆమె ఆ రాగి తీగనే చూస్తూ మెల్లగా అంది:

"మళ్ళీ ఒక్కసారి కరెంటు వెయ్యి తమ్ముడూ. ఒక్కసారే."

అప్పుడు వేసినంత భయం నాకు ఎన్నడూ వెయ్యలేదు. ఆ వైరుని ముక్కలు ముక్కలుగా కత్తిరించాను. అక్క ఏడుస్తూ నా వీపు మీద కొట్టింది. కొట్టనిచ్చాను.