గోడకు బిగించిన తలుపు

ఇది నా భార్యకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లుగా ఒక్కణ్ణే మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సినిమా హాళ్లు కట్టించడం నా వృత్తి. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ సేటు టాకీసు కట్టాలన్నా నన్నే పిలిచేవాడు. కాకతీయుల గుళ్లలోని తోరణాలు, హంసలు సిమెంటులో దించేవాణ్ణి. బొమ్మ మొదలయ్యేదాకా జనం నా గోడలనే చూసేవారు. ఆ పొగరే నన్ను చెడగొట్టింది.

మంచిర్యాల దగ్గరి హాల్లో, మగవాళ్లు కూర్చునే కుడివైపు తోరణం కింద పెద్ద తలుపు పెట్టాను. ఎడమవైపు ఆడవాళ్లు. ఆ పక్క స్థలం వేరొకరిది, తలుపు పెట్టనివ్వలేదు. వదిలేయొచ్చు కదా? ఒకవైపు తోరణముండి రెండోవైపు బోడిగా ఉంటే నా ప్రాణం ఒప్పలేదు. అక్కడా తోరణం పోయించి, ఉత్త గోడకే టేకు రెక్కలు బిగించి, ఇత్తడి కడియాలు తగిలించాను.

ఒక మాట్నీలో రీలు అంటుకుంది. పొగ. ఆడవాళ్లంతా ఆ తలుపు మీద పడ్డారు. తొక్కిసలాటలో ఇద్దరు అక్కడే పోయారు. ఒకామె పిడికిలి కడియాన్ని వదల్లేదట.

నేను ఏడ్చానా? లేదు. భయపడ్డాను. జైలు, పరువు, చేతిలో ఉన్న కొత్త పనులు, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. విచారణ అధికారి రాకముందే సేటూ నేనూ పక్క స్థలం వాడి నోరు డబ్బుతో మూయించి, ఆ గోడ పగలగొట్టించి, అవే రెక్కలకు నిజమైన చౌకట్టు పెట్టించాం. తాళం వేశాడన్న నేరం గేటు కాసే రాజయ్య మీద పడింది. అధికారి ఎదుటే అతను నావైపు తిరిగాడు.

"సారూ, గాడ తలుపే లేకుండె గద! గోడకు నేనెట్ల తాళమేస్త? మీరే కట్టించిన్రు, జర చెప్పున్రి. పిల్లలు గలోణ్ణి."

"తలుపు ఉంది. తీయాల్సింది నువ్వే," అన్నాను.

నా గొంతు అంత నిబ్బరంగా ఎలా వచ్చిందో! రాజయ్యను జైలుకు తీసుకుపోయారు. తర్వాత ఏమయ్యాడో అడగలేదు. వెనకనుంచి ఎవరైనా "సారూ" అంటే ఈనాటికీ తిరిగి చూడలేను.

ఇంత చెప్పి కూడా పేరు రాయడం లేదు చూశారా? పిరికివాణ్ణి. క్షమించమని అడగను. చెప్పినందుకు ఊపిరి కాస్త ఆడుతోంది, అంతే. ఇంకొకటి మిగిలింది. హుజూరాబాద్‌లో కట్టించిన హాల్లోనూ అలాంటిదే పెట్టాను. దాన్నెవరూ పగలగొట్టలేదు. ఇవాళ కూడా అక్కడ ఆట ఉంది. మీ ఇంటి ఆడవాళ్లు వెళితే చెప్పండి, ఏం జరిగినా ఎడమవైపు పరుగెత్తొద్దని. అక్కడ తలుపు లేదు.