వాల్వు తిప్పే అన్న

కాదనని మనిషితో బేరం ఎలా ఆడాలో మా నాన్న నాకు నేర్పలేదు. మడికొండలో మా అపార్ట్‌మెంట్‌కు వచ్చే ప్లంబరన్న అలాంటివాడు. ఏమడిగినా తల ఒక పక్కకు వంచి "అట్లనే చెల్లె" అనేవాడు.

పైట్యాంకు నీళ్ల జోరుకు మా వంటింటి పైపు రెండుసార్లు పగిలింది. అందుకని కింది రెండంతస్తులకూ కలిపి ప్రెషర్ తగ్గించే వాల్వు ఆయనే బిగించాడు. అప్పట్నుంచి నేను తగ్గించమంటే అట్లనే. షవర్ సన్నగా వస్తోందని మా పైనింటి వదిన పెంచమంటే ఆమెకూ అట్లనే. వాల్వు స్క్రూకు పానా పెట్టి, ఆయాసపడుతూ తిప్పి వెళ్లేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు వదిన పిలిస్తే వచ్చాడు. పక్కనే నిలబడి చూశాను. పానా తిరుగుతోంది గానీ స్క్రూ కదలడం లేదు. బేరం తెగకపోతే మా నాన్న కూడా దుకాణంలో అదే చీరను లోపలికి తీసుకెళ్లి, మడత మార్చి, వేరే చీరని చెప్పి తెచ్చేవాడు. బట్టల దుకాణంలో పెరిగిన నేనే ఆ చీర కొన్నానన్నమాట.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"పెట్టిననాడే సరిగ్గ పెట్టిన చెల్లె. పెంచితే మీ పైపు పగుల్తది, తగ్గిస్తే ఆమెకు నీళ్లు రావు. తిప్పనంటే మీరిద్దరు ఊకుంటరా?"

అంతలో పైనుంచి వదిన తొంగిచూసింది. "అన్నా, ఇప్పుడు మంచిగొస్తున్నయి. ఇంక జర పెంచరాదు?"

నిజం చెబితే ఆమె ఇంకో ప్లంబర్‌ను పిలిచి నిజంగానే తిప్పిస్తుంది.

"అన్న ఇప్పటికే మస్తు పెంచిండు వదినా," అన్నాను. "మా దిక్కు జోరు ఆగుతలేదు."