మాలకొండయ్య కేక

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. పల్లెల్లో జనం ఎట్లా బతుకుతున్నారో తెలుసుకుని రాసే సమాజశాస్త్రవేత్తను. దయ్యం ఎదురైనా ముందు నీది ఏ ఊరు, ఎంత పొలం, పిల్లలేం చదువుతున్నారని అడిగి, అది విసుగెత్తి పారిపోయేదాకా వదలను.

కొన్నేళ్ల కిందట, కాపరులు గొర్రెల మందలు ఎందుకు అమ్ముకుంటున్నారో చూద్దామని ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో మకాం పెట్టాను. కొండమ్మ వాళ్ల పంచలో నాకో మంచం. (పేర్లు మార్చాను. ఎందుకో మీకే తెలుస్తుంది.) ఆమె నూరే గోంగూర పచ్చడి కారానికి నా కళ్ల నుంచి కారిన నీళ్లు పారిస్తే ఎకరం తడిసేది. తెల్లవారుజామున మొహం మీద ఊపిరి వదిలే గొర్రెపిల్ల, ఆ పంచ, ఆ పొయ్యి పొగ వాసన... తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం అక్కడికే లాగుతుంది.

నేనక్కడ ఉండగానే ఆమె భర్త మాలకొండయ్య పోయాడు. ఒక్కో కాపరిది ఒక్కో కేక, మంద ఇంకొకరి మాట వినదు. ఆయనది చివర్లో గొంతు విరిగే కేక. కొండ అవతల కడప జిల్లా గొర్రెలు కూడా తలలెత్తేవని నా అనుమానం.

ఆయన పోయాక కొండమ్మ ఎంత పిలిచినా ఒక్క గొర్రె లెక్కచెయ్యలేదు. మరిది పెంచలయ్య మందను అమ్మెయ్యడానికి ఆత్మకూరు బేరగాణ్ణి మాట్లాడేశాడు.

"మాట వినని మందను ఏం జేసుకుంటావు వదినా? ఈ పొద్దు నీ ఎనకాల వస్తే ఉంచుకో. లేదంటే ఆటో ఎక్కిస్తా."

"నన్ను గూడా ఎక్కించు. నాకెంత పలుకుతాదో అడుగు," అంది కొండమ్మ.

మిట్టమధ్యాహ్నం. మంద మేసే బీట్లో నిలబడి ఆమె పిలిచింది. మంద తలెత్తలేదు. మళ్లీ పిలిచింది. పెంచలయ్య బేరగాడికి చెప్పడానికి ఫోను తీశాడు.

అప్పుడు గుట్ట వైపు నుంచి వినపడింది. చివర్లో విరిగే కేక.

పెంచలయ్య ఫోను జారవిడిచాడు. నా వెంట్రుకలు లేచిన తీరుకు నేనే జానెడు పొడుగయ్యాను. మంద మొత్తం తలలెత్తింది. కానీ గుట్ట వైపు పోలేదు. నేరుగా కొండమ్మ దగ్గరికొచ్చి, ఆమె నడిస్తే వెనకే నడిచింది.

"చూసినావా పెంచలయ్యా," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "నా గొంతు గుర్తుపట్టినాయి."

ఆమెకేమీ వినపడలేదు.

సాయంత్రం దాకా పెంచలయ్యా నేనూ గుట్టంతా వెతికాం. నరమానవుడు లేడు.

"వదినకు చెప్పొద్దు సార్," అన్నాడు దిగి వస్తూ. "ఆమె పిలిచినాది, అయ్యి వచ్చినాయి. అంతే."

కొండమ్మ మంద ఇప్పటికీ ఉంది, ఆమె పిలుపుకే కదులుతుంది. ఆ కేక మా ఇద్దరికీ వినపడి, జీవితమంతా ఆయనతో కాపురం చేసిన మనిషికి ఎందుకు వినపడలేదో నాకు అంతుబట్టలేదు. బహుశా ఆమెకు వినపడొద్దని ఆయనే అనుకున్నాడేమో.