నియంత నవల విన్న నాన్న

నా ఇంటర్ పరీక్షలయిన వేసవిలో నాన్నకు కంటి ఆపరేషన్ జరిగింది. కొన్నాళ్ళు పేపరు, టీవీ రెండూ వద్దన్నారు డాక్టరు గారు. పర్చూరు పక్కన మా ఊళ్ళో ఆయనకు పొద్దు పోయే మార్గం లేక నా నవల మీద పడ్డాడు. ఒంగోలు బస్టాండు దగ్గర కొన్న పాత అనువాదం అది. ఎక్కడో దూరదేశంలో, మా తాతల కాలంలో, ఒక నియంత కింద జనం ఎలా బతికారో చెప్పే కథ.

"చదువమ్మా, ఇంటా," అన్నాడు.

రోజూ భోజనాలయ్యాక అమ్మ, నాయనమ్మ, పిన్ని వసారాలో మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీసేవాళ్ళు. నేను తుమ్ముతూ చదివేదాన్ని. నాన్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పడక్కుర్చీలో వినేవాడు. నవల్లో పోలీసు బూట్ల చప్పుడు వినగానే ఇళ్ళల్లో పాటలు ఆగిపోయేవి. నాన్నకు ఎంతో జాలేసేది. ఆయన మోటార్‌సైకిల్ చప్పుడు వినగానే మా టీవీలో సీరియల్ పోయి వార్తలు వచ్చేవని పాపం ఆయనకు తెలియదు.

ఒకరోజు నియంత జనాన్ని పోగేసి "మీకు సమ్మతమేనా?" అని అడిగే ఘట్టం వచ్చింది. అందరూ చేతులెత్తారు. నాన్న పడక్కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"ఒక్కడికన్నా నోరు లేదా? ఇంత పిరికి జనవేంటి?"

పిన్ని తల దించుకుంది. నవ్వుతోందని నాకు తెలుసు.

"ఆవేశపడమాక నాయనా, కళ్ళకి మంచిది కాదు," అంది నాయనమ్మ.

ఇంతలో ఫలితాలొచ్చాయి. నాకు గుంటూరు కాలేజీలో, హాస్టల్లో ఉండి బీఎస్సీ చదవాలని ప్రాణం కొట్టుకుంటోంది. నాన్న ఇంట్లోనే ఉండి ప్రైవేటుగా బీఏ కట్టమన్నాడు. అయితే ఆయన ఏదీ ఒక్కడే తేల్చేవాడు కాదు. అందరినీ కూర్చోబెట్టి అడిగేవాడు. అది ఆయన గొప్పతనం. ఆ వసారాలోనే వరసగా అడిగాడు.

"నీ ఇష్టం నాయనా," అంది నాయనమ్మ.

"నీ మాటకి తిరుగేవుంది అన్నయ్యా," అన్నాడు బాబాయి. పిన్నిని వేరే అడగలేదు. బాబాయి చెబితే ఆమె చెప్పినట్టే.

నా పని అయిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది.

అమ్మ తొడిమలు తీయడం ఆపలేదు. "నాకు సమ్మతం కాదండీ," అంది. "పిల్ల గుంటూరు ఎళ్ళాల."

నాన్న కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేనూ అదే అందావనుకుంటున్నా," అన్నాడు చివరికి.

మర్నాటి నుంచి నవల చదవమనలేదు.

నేను గుంటూరు వెళ్ళాను, చదివాను, టీచరునయ్యాను. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా నాన్న ఆ కథ చెబుతాడు.

"ఇంట్లో అందరూ వద్దన్నారండీ. నేనే పట్టుబట్టి పంపించా."

నాకు ఒళ్ళు మండిపోతుంది. అమ్మ వైపు చూస్తాను. ఆమె వచ్చినవాళ్ళకు కాఫీ అందిస్తూ ఉంటుంది.

"అవునండీ," అంటుంది. "అప్పుడు నేను కూడా వద్దనే అన్నా."