పన్నెండు గైర్హాజర్లు

మొఘల్‌పురాలోని ఒక బడిలో, పిల్లలు చదువు మానకుండా చూసే ఉద్యోగం నాది. ఆ రోజు గైర్హాజరు జాబితాలో ఆఖరి పేరు తొమ్మిదో తరగతి శ్రావణిది. రెండు బస్సులు మారి, అలసిపోయి జల్‌పల్లిలో వాళ్లింటికి చేరాను. "మీ అమ్మాయి పన్నెండు రోజులుగా బడికి రావడం లేదన్నా" అని ఆమె తండ్రితో చెప్పాను.

"రోజూ సంచేసుకొని ఏడికి పోతున్నవే? రేపటిసంది బడి బంద్!" అని ఆయన కూతురి మీద అరిచాడు.

శ్రావణి ఏడుస్తూ నోట్సులు తెచ్చి చూపింది. పన్నెండు రోజుల పాఠాలూ ఉన్నాయి, టీచర్ల సంతకాలతో సహా. "ఇటు ఇల్లు మారినంక బస్సు లేటయితున్నది సార్. హాజరు మొదటి పీరియడ్‌లనే తీసుకుంటరు."

"తప్పు నాది, అన్నా" అన్నాను.

"గింత చదివినవ్, గిదన్న అడగవా?" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. బడి సంగతి తేల్చలేదు.

మర్నాడు రెండో పీరియడ్ దాకా గేటు దగ్గరే నిలబడ్డాను. శ్రావణి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎవరింటికైనా వెళ్లే ముందు తరగతిలోకి తొంగిచూస్తాను.