పొమ్మన్నట్టు వినిపించిన పిలుపు

నా చిన్నప్పుడు కొన్ని నెలలు దాదాపు మాట్లాడకుండానే గడిపాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. కడప దగ్గరి మా ఊరి నుంచి నాయన నన్ను మియాపూర్ తీసుకొచ్చి బడిలో వేశాడు. అమ్మ కాన్పుకని అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు కడుతున్న కాలం అది. ఆ చుట్టుపక్కల ఇళ్ల స్థలాలు అమ్మిపెట్టే నాయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. బడిలో నా యాసకు నవ్వేవాళ్లు కాబట్టి అక్కడ నోరు విప్పేదాన్ని కాదు. ఇంటికొస్తే, ఆ కిరాయి గదిలో మాట్లాడటానికి ఎవరూ లేరు.

పక్క గదిలో మెదక్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. ఆమె భర్త, కడుతున్న ఒక మేడకు కాపలా. ఇంటికి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. పెద్దమ్మది పెద్ద గొంతు. మొదటిరోజే మా గడప ముందు నిలబడి, "ఏంది పోరీ, ఒక్కదానివే కూసున్నవ్?" అంది. నాకు అందులో 'పో' ఒక్కటే వినిపించింది.

మరునాడు గిన్నెతో అన్నం తెచ్చి, తొక్కు వేసుకొని తింటావా అని అడిగింది. మాకు తొక్క అంటే పండు తిని పారేసేది. పారేసేది నాకు పెడుతోందనుకున్నాను. తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాను.

నాయన రాగానే అడిగాను. "నేనేం చేసినానని ఆమె నన్ను పొమ్మంటాంది నాయనా?"

ఆయన బాగా అలసిపోయి ఉన్నాడు. ఇక్కడి మాటలు అంతేనని, పట్టించుకోవద్దని చెప్పి పడుకున్నాడు. అప్పటి నుంచి ఆమె చెప్పుల చప్పుడు వినబడితే గడియ పెట్టేదాన్ని. ఆమె మాత్రం వస్తూ పోతూ కిటికీ దగ్గర ఆగి, అదే మాటతో పిలిచేది. నేను గడియ తీయకపోతే వెళ్లిపోయేది.

వానలు ముదిరాక ఒకరోజు బడిలోనే జ్వరం వచ్చింది. ఎలాగో ఇల్లు చేరాను గానీ తాళం తీయడానికి చేతులు ఆడలేదు. గుమ్మంలోనే కూలబడ్డాను. పెద్దమ్మ వచ్చి నుదురు తాకి, అయ్యో, పెయ్యి కాలిపోతున్నదే అంది. పెయ్యి అంటే ఒళ్లని నాకేం తెలుసు? మా ఊళ్లో పెయ్య అంటే ఆవుదూడ. ఎక్కడో దూడ మంటల్లో చిక్కుకుందనుకొని ఏడ్చాను. ఆమె నన్ను భుజాన వేసుకొని, కొంగు నా తలమీద కప్పి, ఆ వానలోనే దవాఖానకు నడిచింది.

అక్కడి డాక్టరు కోస్తా మనిషి. "ఈ పాప మీకేమవుతుందండీ?" అని అడిగాడు.

పెద్దమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా పోరి," అంది.

డాక్టరు తలూపి, మీ అమ్మాయికి భయమేమీ లేదని చెప్పాడు. ఆమె కాదనలేదు. నా చెవికి పొమ్మన్నట్టు తోచిన మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది. కళ్లు మూసుకొని ఆమె మెడను గట్టిగా పట్టుకున్నాను.

ఇంటికొచ్చాక మెత్తగా పిసికిన అన్నంలో నిమ్మకాయ ముక్క కలిపి తినిపించింది. "తొక్కంటే గిదే బిడ్డా. మీ దిక్కు ఏమంటరు?"

"ఊరగాయ," అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"గట్లనా? ఇగ నేను గూడ ఊరగాయ అంట," అంది.

తమ్ముడు పుట్టాక అమ్మ వచ్చింది. మేము నిజాంపేటలో పెద్ద ఇంటికి మారాం. తరువాతి ఏడాది నాయనను బతిమాలి పాత ఇంటికి వెళ్తే, పక్క గదిలో ఎవరో కొత్తవాళ్లు ఉన్నారు. పని అయిపోయిందని ఆమె భర్తను ఇంకో చోటికి పంపించారట. ఎక్కడికో ఎవరికీ తెలియదు. తిరిగి వస్తున్నంతసేపూ నాయన ఏదో చెబుతూనే ఉన్నాడు, నాకేమీ వినబడలేదు.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఉద్యోగం కోసం భాష రాని ఊళ్లలో ఒక్కదాన్నే చాలాకాలం ఉన్నాను. ఎవరి మాటైనా చెవికి కటువుగా తగిలితే, నొచ్చుకునే ముందు దాని అర్థం అడుగుతాను. అన్నిసార్లూ అది మంచి మాటే అవుతుందని చెప్పను. కానీ ఎన్నోసార్లు, వాళ్లు అడిగింది నేను తిన్నానా అనే.