నాయన ఊపిరి బిగబట్టిన రోజు

మా నాయన ఎవరు పలకరించినా బదులు చెప్పకుండా ఉండలేడు. ఉదయగిరి బజారులో ముక్కూ మొహం తెలియనివాడు దగ్గినా, "ఏందన్నా, జలుబా?" అని ఆగుతాడు. ఆదివారం చర్చిలో పాస్టరుగారి ప్రతి మాటకూ అందరికంటే ముందు స్తోత్రం చెప్పేదీ ఆయనే. ఇదంతా మంచి గుణమే అనుకునేదాన్ని, స్కానింగుకు తీసుకెళ్లేదాకా.

తొంభైల చివర్లో సంగతి. నడుము నొప్పని ఆత్మకూరులో పొట్ట స్కానింగు తీయిస్తే కిడ్నీలో గడ్డ కనబడింది. అది ఏ రకం గడ్డో అక్కడ తేలలేదు, నెల్లూరు వెళ్లి సీటీ తీయించమన్నారు. నెల్లూరు డాక్టరుగారు ఓపికగా చెప్పారు. ముందు మామూలుగా ఫొటోలు తీస్తారు, తర్వాత నరంలోకి మందు ఎక్కించి మళ్లీ తీస్తారు. మందు గడ్డలోకి పారి అది తెల్లబడితే మంచిది కాదు, కిడ్నీ తీసేయాల్సి రావచ్చు. తెల్లబడకపోతే ఉత్త నీటిబుడగ. కిడ్నీ తీసేస్తే మనిషి మామూలుగా ఉంటాడా అని నేను అడగబోయాను. అమ్మ మాత్రం, "చెప్తే వినడు సార్, నీళ్లే తాగడు," అని నాయన మీద పితూరీలు మొదలుపెట్టింది.

నాయనకు వెనక నాడాలు కట్టే గౌను తొడిగి మిషను బల్ల మీద పడుకోబెట్టారు. మేమిద్దరం అద్దం ఇవతల టెక్నీషియన్ పక్కన నిలబడ్డాం. అతను మైకులో, "పెద్దాయనా, ఊపిరి బిగబట్టండి," అన్నాడు.

"అట్నే సార్, బిగబట్టినాను," అన్నాడు నాయన.

మాట్లాడితే ఊపిరి ఎక్కడ నిలుస్తుంది? ఫొటో చెదిరింది.

"మాట్లాడకండి."

"మాట్లాడన్లే సార్."

మళ్లీ చెదిరింది. ఇట్లా కదిలిపోతే ముందు ఫొటోనూ తర్వాతి ఫొటోనూ పోల్చలేమని, గడ్డ సంగతి తేలదని టెక్నీషియన్ తల పట్టుకున్నాడు. లోపలికి వెళ్లి, ఎందుకు మాట్లాడుతున్నారని అడిగాడు. "మీరు పిలిచి చెప్తా ఉంటే మూగోడి మాదిరి పండుకుంటే ఏం మర్యాద సార్?" అన్నాడు నాయన.

అతను ఇవతలికి రాగానే, "ఆ మైకు ఇట్లియ్యి అబ్బాయ్," అంది అమ్మ. టెక్నీషియన్ విసిగిపోయి ఇచ్చేశాడు. "ఏమయ్యో, ఊపిరి బిగబట్టు."

చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. పెళ్లైనప్పటినుంచీ అమ్మ నోరు తెరిస్తే నాయన నోరు మూస్తాడు. ఫొటో చక్కగా వచ్చింది. మందు ఎక్కించాక కూడా అమ్మే చెప్పింది. కాకపోతే ఈసారి ఊపిరి వదలమనడం మర్చిపోయి, నీళ్లు తాగని విషయం మళ్లీ ఎత్తుకుంది. నాయన మొహం వంకాయ రంగుకు తిరిగింది. టెక్నీషియన్ మైకు లాక్కుని, "వదలండి, వదలండి," అన్నాడు.

డాక్టరుగారు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూశారు. మందు ఎక్కించినా గడ్డ రంగు మారలేదు. "నీటిబుడగే. దాని జోలికి పోనక్కర్లేదు," అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం తనకు ముందే తెలుసంది.

తిరిగొచ్చేటప్పుడు ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చున్నాం. నాయన ఫిల్మును ఎండకు పట్టి, తన బుడగ ఎక్కడుందో పక్కవాళ్లందరికీ చూపిస్తున్నాడు. అమ్మ తిడుతుందేమోనని చూస్తే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

నాయన ఫిల్ము పక్కన పెట్టాడు. "ఏమైందే? నీటిబుడగేనంట గదా."

"నువ్వు పోయుంటే నేనెవురితో మాట్లాడాలయ్యా?" అంది అమ్మ.

నాయన దానికి ఏమీ అనలేదు. అంతమందిలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు, బస్సు వచ్చినా వదల్లేదు.